నర్సింగం అందుకోని పాట

నర్సింగం ఖటోదరా షెడ్లలో మరమగ్గాలు నడుపుతాడు. తెలుగు నేతగాళ్ళు వలసొచ్చి స్థిరపడ్డ నవాగామ్‌లో, మా వెనక సందులో ఉంటాడు. చిరుతల రామాయణానికి గురువు. చెక్క చిరుతలు వాయిస్తూ, గుండ్రంగా తిరుగుతూ పాడే ఆ ఆటలో గురువు ఎత్తుకున్నాకే మిగతావాళ్ళు అందుకోవాలి. ముందే నోరు విప్పితే గురువును కాదన్నట్టు.

మగ్గాల మోత అతని చెవులను ఎప్పుడో తినేసింది. ఆ షెడ్లలో అందరూ పెదాలు చూసే మాట్లాడుకుంటారు. నర్సింగం బయటా అలాగే నెట్టుకొచ్చాడు. పాత పాటలు ఒంటికి పట్టినవి కనుక తప్పేవి కావు.

కిందటేడు అతని పక్కగదిలో అడెవాలె దిగాడు. నైజీరియా నుంచి చదువుకు వచ్చిన కుర్రాడు. వాళ్ళ తాత నాటకకర్త. చర్చి వరసలు పక్కనపెట్టి సంతలో కేకలనూ, నేతగాళ్ళ పాటలనూ, డోలు దరువునూ నాటకంలోకి తెచ్చాడట. లారీలో ఊరూరా తిరిగి ఆడించాడట. ఆ పాటల్లో, నాటకం మొదట్లో అందరూ కలిసి పాడే పాట ఒక్కటే మనవడి నోటికి మిగిలింది. కాలేజీ వేడుకలో దాన్నయినా వినిపించాలని అతని తపన. వెనక పాడే గుంపు కావాలి.

"ఉస్తాద్, మీవాళ్ళను పంపండి" అని హిందీలో అడిగాడు.

"పంపుడేంది బేటా, నేనే వస్త!"

భార్య మంగ నవ్వింది. "ఉప్పు తెమ్మంటె పప్పు తెస్తవు. ఆ పిలగాని పాట నీకేం ఇనొస్తది?"

"నోరు జూసి నేర్చుకుంట తియ్యే."

"నోట్లె రాగం గూడ కనవడ్తదా?"

ఎదురెదురుగా కూర్చుని నేర్చుకున్నాడు. మాటలు వచ్చాయి. పాట పైకి లేవాల్సిన చోట మాత్రం అతని గొంతు కిందికి జారేది. గుంపంతా అలాగే జారేది.

"ఇది తాత పాట కాదు అంకుల్. ఎలా చెప్పను?" అన్నాడు అడెవాలె నాతో. నేను మంగ వైపు చూశాను. చివరికి మంగే, పెదాలు మెల్లగా కదుపుతూ, రాగం తప్పుతోందని మొగుడికి చెప్పింది.

నర్సింగం తన గుంపు వైపు తిరిగాడు. "మరి నన్నెందుకు ఆపలేదురా?"

"గురువును ఎట్ల ఆపుతం?"

నర్సింగం చిరుతలు పక్కన పెట్టి అడెవాలె వైపు తిరిగాడు. "జర నువ్వే ఎత్తుకో బేటా. నీ నోరు జూసి నేను మాట అందుకుంట. నా ఎనక వీళ్ళు నీ రాగం పట్టుకుంటరు."

వేడుకనాడు అడెవాలె డోలు చంకకు తగిలించుకుని జనం వైపు తిరిగి నిలబడ్డాడు. వెనకున్న నర్సింగానికి అతని వీపే కనిపిస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు.

దరువు మొదలైంది. పాటా మొదలైంది. గుంపు నర్సింగం నోరు చూస్తోంది. అతను గుంపు నోళ్ళు చూస్తున్నాడు. అన్నీ మూసే ఉన్నాయి. ఇంకా దరువే నడుస్తోందనుకుని ఓపిగ్గా తలాడిస్తున్నాడు. పక్కనుంచి నేను చేయి ఊపాను. ఇటు చూడలేదు.

పదిమంది పాడాల్సిన పాటను అడెవాలె ఒక్కడే చివరిదాకా మోసి, వెనక్కి తిరిగాడు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

నర్సింగం కంగారుగా పక్కవాణ్ణి, మగ్గాల మధ్య అరిచినట్టు అరిచి అడిగాడు: "ఏందిరా, పిలగాడు భయపడుతున్నడా? షురూ జెయ్యమను!"