బాలయేసు పడక మేసిన ఆవు

ఎమ్మిగనూరు పక్క పాలెంలో ఆ కరువేడు సంతోషమ్మకు మిగిలినవి ఒక ముసలి ఆవు, ఓ మోపు జొన్నచొప్ప. చొప్ప అయిపోతే ఆవును ఆదోని సంతకు తోలాలి. అక్కడ దాన్ని కొనేది కసాయివాడేనని ఆమెకు తెలుసు.

అలాంటప్పుడు ఉపదేశి కృపానందం వచ్చాడు. క్రిస్మస్‌కు చర్చిలో పశువులపాక కట్టాలట, చూడడానికి మిషను దొరలు వస్తారట.

"చొప్ప ఇయ్యి సంతోషమ్మా. విశ్వాసముంటే వాన అదే వస్తాది."

ఆయన విశ్వాసానికి నెలనెలా జీతం వచ్చేది. వానతో పని లేదు.

అందరూ తలో పిడికెడు ఇస్తే, పిసినారి అని పేరున్న సంతోషమ్మ మోపంతా ఇచ్చేసింది. పాలెం నోరు వెళ్ళబెట్టింది. ఆమె లెక్క వేరు. పక్కింటి హులిగమ్మ సుంకులమ్మ గుడిలో టెంకాయ కొడితే సగం చిప్ప చేతికి తిరిగి వస్తుంది. ఏసయ్య అంతకన్నా తక్కువ చేస్తాడా?

పండుగ ముందునాడు పోయి అడిగింది. "నా సగం ఇయ్యప్పా. ఆవు పస్తుండాది."

"దేవునికిచ్చింది తిరిగి అడుగుతారా? అది అన్యుల పద్ధతి," అన్నాడు కృపానందం. "కొత్త సంవత్సరం దాకా పుల్ల కదిలేది లేదు."

మరునాడు పొద్దున చర్చి నిండింది. ముందు బెంచీలో దొరలు. పాకలో అట్టతో చేసిన ఆవు, గాడిద పుష్టిగా నిలబడ్డాయి. లోకంలో ఎవరూ చోటివ్వని బిడ్డకు పశువులు తమ తొట్టి ఇచ్చాయని కృపానందం చెబుతున్నాడు. సంతోషమ్మ ఏటేటా విన్న కథే. ఆ ఏడు మాత్రం అందులో తన ఆవు కనబడింది. లేచి ఇంటికి పోయి, దాన్ని తోలుకొచ్చింది.

ఆవు దొరలను లెక్కచేయలేదు. నేరుగా పోయి బాలయేసు కింది చొప్ప లాగింది. మట్టిబొమ్మ పక్కకు ఒరిగింది.

"తోలు దాన్ని," అన్నాడు కృపానందం, పళ్ళ బిగువున, దొరల వైపు నవ్వుతూనే.

"తొట్టి పసులదేనని నువ్వే సెప్తివి కదప్పా. బిడ్డకు సోటిచ్చిన పాపానికి అవి పస్తుండాలని యాడ రాసినారు?"

దొరలకు తెలుగు అంతంతమాత్రం. ఇదీ నాటకంలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. ఇక ఆవును తోలేయడం ఉపదేశికి కుదరలేదు.

దొరలు కదలగానే పాక విప్పి ఎవరి చొప్ప వాళ్ళు మోసుకుపోయారు. సంతనాడు ఆవు ఇంటిముందే నెమరేస్తూ పడుకుంది. తొలకరి ముంగారు వానల దాకా దాన్ని ఎట్లా ఈడ్చిందో సంతోషమ్మకే తెలియాలి. అడిగినవాళ్ళకు మాత్రం, "సగమే అడిగినా, అంతా ఇచ్చినాడు," అనేది.

మరుసటి క్రిస్మస్‌కు కృపానందం తొట్టిలో ఆదోని పత్తి పరిపించాడు. గింజ ఉంటే ఆవులు తింటాయని ఎవరో చెప్పారట, దగ్గరుండి గింజ తీయించాడు.