గది పూర్తి చేసిన వాక్యం

నా భార్య తన సమాధి రాయి గురించి ఒకే ఒక్క కోరిక చెప్పింది. దాని మీద మన మాటలు వద్దు, బైబిల్ వాక్యమే ఉండాలి. సరేనని మాటిచ్చాను. ఏ వాక్యమో అడగలేదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆమె పలికింది ఒకటే: "నీవు ఏడ్చుటకు ముందే నా చెయ్యి బయలుదేరెను." పెళ్లయిన కొత్తలో కాకినాడలో మా అత్తగారి నోట కూడా అదే విన్నాను. ప్రవక్తల్లోనో కీర్తనల్లోనో ఉంటుందనుకున్నాను.

అమెరికాలో మేముండే ప్లేనోలో మా తెలుగు క్రైస్తవ సంఘం శనివారాలు ఒక్కొక్కరి ఇంట్లో కూడుకుంటుంది. ఆమె పోయాక జ్ఞాపకార్థ కూడిక మా ఇంట్లో పెట్టాం. రాయి చెక్కేవాళ్లకు సోమవారానికల్లా మాటలు పంపాలి.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ముందు నిలబడి మాట్లాడేవాళ్లు వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగుతారు. మిగతాది కూర్చున్నవాళ్లు గట్టిగా చెబుతారు. ఎవరూ పుస్తకం తెరవరు. నేనూ అలాగే చేశాను. రాయి మీద ఏం వేయిస్తున్నానో వినండని, "నీవు ఏడ్చుటకు ముందే" అని ఆగాను.

ఎవరూ అందుకోలేదు.

దుఃఖంలో ఉన్నవాడి ముందు గొంతెత్తడానికి మొహమాటపడుతున్నారేమోనని మళ్లీ మొదలుపెట్టాను. మా సండే స్కూల్ నడిపే పెద్దావిడ ముందు వరుసలో కూర్చుని ఉంది.

"రెఫరెన్స్ చెప్పండి అన్నయ్యా, ఏ పుస్తకం, ఏ అధ్యాయం?" అంది.

"మీరే చెప్పాలమ్మా."

"నాకు తెలిస్తే మీరు ఆగేదాకా ఆగుతానా? ఇన్నేళ్లలో ఎప్పుడన్నా ఆగానా?"

కొందరు నవ్వారు. పాస్టర్ గారు ఫోన్‌లో వెతికి నెమ్మదిగా చెప్పారు. "బ్రదర్, మంచి మాట. దీనికి దగ్గరగా ఉండే వాక్యాలు ఉన్నాయి. ఇది మాత్రం బైబిల్లో లేదు."

నాకు కలిగింది సిగ్గు కాదు, భయం. ఆమె చివరిదాకా పట్టుకున్నది దేవుని మాట కాకపోతే, మరి దేన్ని పట్టుకుని వెళ్లినట్టు?

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, ఇక్కడే ఉద్యోగం. దానికి కోపం వచ్చింది.

"ఇట్స్ నాట్ ఫెయిర్ డాడీ. ఆంటీకి తెలీకపోతే బైబిల్ కాదా? అసలు బైబిల్లో ఏ బుక్స్ ఉండాలో ఎవరు డిసైడ్ చేశారు? కొంతమంది బిషప్స్ కూర్చుని ఓట్ చేశారు, అంతే కదా?"

పాస్టర్ గారు నోరు తెరవబోతే నేను చెబుతానన్నాను. ఏళ్ల తరబడి ఆ చరిత్రే చదువుతున్నాను. ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు.

ఓటు కాదని చెప్పాను. ప్రభువు పంపిన అపొస్తలుల ఉత్తరం ఒక ఊరి సంఘానికి వచ్చేది. అందరి ముందూ చదివి, నకలు రాసుకుని, పక్క ఊరికి పంపేవారు. ఇది ప్రభువును ఎరిగినవాళ్ల సాక్ష్యమేనా, వాళ్లు మొదటినుంచీ బోధించినదానితో కలుస్తోందా, మిగతా ఊళ్లలో కూడా దేవుని మాటగా చదువుతున్నారా అని చూసుకునేవారు. కొన్ని ఉత్తరాల మీద కొన్ని చోట్ల చాలాకాలం సందేహం నడిచింది, దాచాల్సిన పని లేదు. కానీ బిషప్పులు కూర్చునే నాటికి ఆ పుస్తకాల్లో చాలావాటిని సంఘాలు ఎప్పటినుంచో చదువుకుంటున్నాయి. సంఘం వాటికి అధికారం ఇవ్వలేదు. వాటికి ఉన్న అధికారాన్ని గుర్తుపట్టింది.

"మరి మమ్మీ మాట?"

"ఆ రోజుల్లోనూ అలాంటివి ఉండేవమ్మా. విశ్వాసులు ప్రేమించిన మంచి పుస్తకాలు. వాటిని పారేయలేదు, ఇంట్లో చదువుకోమన్నారు. మీ అమ్మమ్మ ఇంట్లో రోజూ వాక్యం చదివేవారు. అది వినీ వినీ ఎవరో అన్న మాట అయ్యుంటుంది. అసలు వాక్యం ఆ ఇంట్లో లేకపోతే ఆ మాట పుట్టేదే కాదు."

దానికి చెబుతుంటే నా భయం తీరింది. ఆమె ఖాళీ చేతులతో వెళ్లలేదు.

"సరే, మరి రాయి మీద ఏం వేద్దాం?" అంది మా అమ్మాయి.

నేను ఆలోచించలేదు. "ఓ మరణమా," అని ఆగాను.

"నీ విజయమెక్కడ? ఓ మరణమా, నీ ముల్లెక్కడ?" పెద్దావిడ ముందు అందుకుంది. ఆ వెంటనే పాస్టర్ గారు, వంటగదిలో గరిటెలు పట్టుకున్నవాళ్లు, మెట్ల మీద ఫోన్లు చూసుకుంటున్న పిల్లలు. అపొస్తలుడు కొరింథు సంఘానికి రాసి పంపిన ప్రశ్న, మరణాన్ని మొహం మీదే నిలదీసే ప్రశ్న, మా హాలంతా మోగింది. తెలుగు అక్షరం చదవడం రాని మా అమ్మాయి అమెరికా యాసతో ఒక్క మాట పోనివ్వకుండా చెప్పింది. స్కూల్‌కి తీసుకెళ్తూ కార్‌లో వాళ్ల మమ్మీ కంఠతా పట్టించిందట. కొరింథులో కూడా ఆ ఉత్తరం ఎవరో ఒకరి ఇంట్లోనే చదివి ఉంటారు. విన్నవాళ్లలో అప్పుడే మనిషిని పాతిపెట్టి వచ్చినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లు నిటారుగా కూర్చుని ఉంటారని నాకు ఆ పూట తెలిసింది. నేనూ నిటారుగా నిలబడ్డాను.

భోజనాల దగ్గర మా అమ్మాయి అంది, "డాడీ, స్టోన్ మీద ఆ రెండు వర్డ్సే పెడదామా? వచ్చినవాళ్లే మిగతాది ఫినిష్ చేస్తారు."

పెద్దావిడ వడ్డిస్తున్నదల్లా ఆగింది. "సగంలో ఆపితే చావుకి మాట్లాడే సందు దొరుకుద్దమ్మా. మొత్తం ఏయించు."

సోమవారం మొత్తం వాక్యం పంపించాను, అధ్యాయం, వచనం అంకెలతో సహా. అక్షరాలు ఎంత పెద్దవి కావాలని అడిగారు. సమాధుల తోట పక్క రోడ్డు మీద కార్లలో పోయేవాళ్లకు కూడా కనబడాలని చెప్పాను.