మేడ నేలకు కొలతలు

కోవిల్‌పట్టిలో తాయమ్మాళ్ కుట్టిన జాకెట్టు సరిచేయడానికి వెనక్కి వచ్చిన దాఖలా లేదు. పుట్టిన ఊరు ఏళాయిరంపన్నైలో మిరప చేలలో కలుపు తీసిన ఆ చేతులే, పెళ్లయి ఇక్కడికొచ్చాక కత్తెర పట్టి ఈ కీర్తి గడించాయి. అంతటి మనిషికి ఒక మేడ నేల లొంగలేదు.

ఆ చెక్క మేడ ఒకప్పుడు పత్తి మూటల కోసం కట్టింది. మూటలు నడవవు కనుక నేల కిర్రుమంటుందా లేదా అని ఎవరూ విచారించలేదు. ఇప్పుడక్కడ తాయమ్మాళ్ కుట్టు బడి. పలకలు ఎగుడుదిగుడై, తొక్కుతున్న కొద్దీ మిషన్లు కిటికీ వైపు ప్రయాణం కట్టేవి. అడుగు తీసి అడుగేస్తే కిర్రు.

కింద గదిలో ఆమె బావగారు సుందరరాజన్ మధ్యాహ్నం పడుకుంటారు. పడుకునేవారు అనాలి. ఒకనాడు మెట్ల దగ్గర నిలబడి తీర్పు చెప్పారు.

"తాయీ, నాకు నిద్దరే పట్టేది లేదు. శుక్రవారం లోపల ఈ సత్తం ఆగాల. లేదంటే బడిని వేరే తావుకు ఎత్తుకుపో."

"వేరే తావుంటే మీ నెత్తిన ఏంటికి తొక్కుతాను బావా?"

వడ్రంగి తంగపాండి వచ్చి నాలుగడుగులు వేశాడు. "అక్కా, ఇది నేల కాదు, పాట్టు కచ్చేరి" అని, ఎడాపెడా మేకులు కొట్టడానికి సుత్తి ఎత్తాడు. తాయమ్మాళ్ అడ్డుపడింది.

"అంతా బిగిస్తే ఊపిరాడదప్పా. ఒకరు తొడుక్కుంటేనే గదా ఎక్కడ వదులో తెలిసేది!"

నేలను తొడుక్కోవడమంటే దానిమీద నడవడమని అతనికి బోధపడటానికి కొంతసేపు పట్టింది. ముందు కుట్టు నేర్చుకునే ఆడపిల్లల్ని నడిపించారు. ఆ చువ్వలాంటి కాళ్లను పలకలు లెక్కచేయలేదు. నిండైన విగ్రహం కావాలి. అలాంటిది ఇంట్లో ఒక్కటే ఉంది.

సుందరరాజన్ ఊరేగింపుకు బయల్దేరిన ఉత్సవమూర్తిలా మెట్లెక్కారు.

"మెల్లగా నడవండి బావా. ఆ, అక్కడే! కదలద్దండి."

"ఏంది తాయీ, నాకు కొలతలు తీస్తావా?"

"మీకు కాదు, మీ కింద నేలకు."

కిర్రుమన్న ప్రతిచోటా ఆమె సుద్దతో గుర్తు పెట్టింది. కింద నిచ్చెనెక్కిన తంగపాండి, దూలానికీ పలకకూ మధ్య సన్నని చెక్క చీలికలు దూర్చాడు. పలకలు ఒరుసుకునే సందుల్లో సుద్దపొడి పోశారు. మిట్టలకు చిత్రిక పట్టారు. కాసేపటికి బావగారికే హుషారొచ్చింది. "ఆ మూలకు నేనింకా పోనేలేదే!" అని తానే గుర్తుచేశారు. చెమటలు కక్కుతూ మేడంతా తిరిగి, దిగిపోయారు.

శుక్రవారం మధ్యాహ్నం. పిల్లలు మిషన్ల ముందు బిగుసుకు కూర్చున్నారు; తంగపాండి గుమ్మంలో నిలబడ్డాడు.

"తొక్కండి" అంది తాయమ్మాళ్.

మిషన్లు ఉన్నచోటే పరుగెత్తాయి. కిందనుంచి కేక రాలేదు. బావగారు అలిగి వీధిలోకి పోయారేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. వంగి పలకకు చెవి ఆనించింది.

గురక. పలకను వణికించేంత గురక.

"అక్కా, దీన్ని ఎట్లా బిగించేది?" అన్నాడు తంగపాండి, తానూ చెవి ఆనించి.

"దాన్ని ముట్టద్దప్పా! అది అట్లనే ఉండనీ."

పిల్లలు గుడ్డముక్కలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తాయమ్మాళ్ లేచి, దస్తూరీ బాగున్న శివరంజనిని పిలిచి, సోమవారం నుంచి కొత్తవాళ్లను చేర్చుకుంటామని వీధి తలుపు మీద పెద్దక్షరాలతో రాయమంది.