ఇంజిన్ ముందు నేను చదివిన మంత్రం

ఆదివారం ఉదయం. ఉన్నవారు: నేను, మనవరాలు.

మనవరాలు కంప్యూటర్‌లో యుద్ధవిమానం నడపడం నేర్చుకుంటోంది. "బ్యాటరీ ఆన్, ఫ్యూయల్ పంపు ఆన్" అని పైకి చెబుతూ ఒక్కో స్విచ్ వేసింది. "ఇన్ని చెప్పాల్నా?" అన్నాను. "ఒకటి తప్పినా ఇంజిన్ పట్టదవ్వా" అంది.

నా చిన్నప్పుడు మా ఊరు చోళపురంలో మా బావికి ఆయిల్ ఇంజిన్ ఉండేది. నాయన రోజూ దాని ముందు నిలబడి, "డీజిల్ తెరిచినాను, నీళ్లు చూసినాను, గాలి తీసినాను" అని పైకి చెప్పి హ్యాండిల్ తిప్పేవాడు. అది మంత్రమనుకుని నేను కంఠతా పట్టాను.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నాయనకు జ్వరం వచ్చింది. మిరపనారు వాడిపోతోంది. నేను కళ్లు మూసుకుని, చేతులు జోడించి అంతా చదివాను. ఇంజిన్ సంగతి తెలియని మామ చెమటలు కారేదాకా తిప్పాడు. అది పలకలేదు.

"ఏం పాపా, నీ సామి లేసి రాలేదే?" అని మామ నవ్వాడు. ఎక్కడో మాట తప్పానని నేను ఏడ్చాను.

మరునాడు పొద్దున నాయన దుప్పటి కప్పుకునే బావి దగ్గరికి వచ్చాడు. "సరి, చెప్పు" అన్నాడు.

"డీజిల్ తెరిచినాను."

ఆయన నా చెయ్యి పట్టుకుని, మూసి ఉన్న డీజిల్ కుళాయి మీద పెట్టాడు. "ముందు తెరువు. తరువాత చెప్పు."

తెరిచి చెప్పాను. మిగతావీ ఒక్కోటి చేసి చెప్పాక ఇంజిన్ పట్టింది. మిరపనారులో సగం బతికింది.