బిందె ఒలకని గేరు

మా పాళెం నుంచి తారురోడ్డుకు పోవాలంటే ముందు ఇసుక, తర్వాత సరుగుడు తోపు, ఆపైన ఉప్పుకాలువ మీద రాళ్ళ చప్టా దాటాలి. ఆ దారిలో నా పాత డీజిల్ జీపు రోజూ ఐసు మోసుకొస్తుంది, చేపలు మోసుకుపోతుంది. ఐసుకు నొప్పి తెలియదు, చచ్చిన చేపకు అంతకన్నా తెలియదు. అందుకే దాన్ని ఎలా తోలుతున్నానో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇసుక కనపడగానే స్పీడందుకుని, ఎగిరెగిరి పడుతూ అవతల తేలడమే మాకు తెలిసిన డ్రైవింగు. మధ్యలో ఆగితే ఇరుసుదాకా కూరుకుపోతాం. అల్లూరు వైపు చూసినా విడవలూరు వైపు చూసినా, సముద్రం పక్కన జీపున్న వాళ్ళందరూ ఇంతే.

నాకు ఆ తోలడం ఇష్టం కూడా. ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. భోజనం దగ్గర సైతం సగం లేచే ఉంటానని ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. ఎదుటివాడు మాట పూర్తిచేసేలోపు జవాబు చెప్పేస్తాను, సగంసార్లు తప్పు జవాబే.

మా అక్క ఇల్లు మా ఇంటికి పక్కనే. బావ పోయినప్పటి నుంచి ఎండుచేపల వ్యాపారం ఒంటిచేత్తో చేసుకొస్తోంది. ఒకరోజు పొద్దున్నే నెత్తళ్ళు ఎండబోసే చోట, తడి పట్ట మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. నెల్లూరులో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఇంటికి తీసుకొచ్చింది నేనే, ఈ జీపులోనే. ఇసుక రాగానే అలవాటు చొప్పున కాలు నొక్కాను. వెనక పరుపు మీద పడుకున్న అక్క దారి పొడుగునా నోరెత్తలేదు. ఇంటి ముందు దించేటప్పుడు చూస్తే, పళ్ళ కింద నలిగి కింది పెదవి చిట్లిపోయి ఉంది.

"ఇంక నీ జీపు ఎక్కను అబ్బయా," అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. వారం వారం నెల్లూరు వచ్చి కాలికి వ్యాయామం చేయించుకోవాలనీ, ఇంట్లో రోజూ నడవాలనీ డాక్టరు చెప్పాడు. అశ్రద్ధ చేస్తే కాలు బిగుసుకుపోతుందనీ, ఇక జన్మంతా కర్రేననీ కూడా చెప్పాడు. అక్క వెళ్ళదు. అంబులెన్సు వచ్చినా కాలువ అవతలి దాకానే వస్తుంది. ట్రాక్టరు నా జీపు కన్నా ఘోరం. మంచం మీద మోసుకుపోతామని కుర్రాళ్ళు ముందుకొస్తే, "బతికుండంగానే నలుగురు మోసేది నాకొద్దు," అని వాళ్ళను తరిమేసింది. ఇంట్లోనైనా నడుస్తుందా అంటే అదీ లేదు. గోడ పట్టుకుని వంటింటిదాకా, మళ్ళీ గోడ పట్టుకుని మంచందాకా. మంచం మీద నుంచే నెత్తళ్ళు తిరగేసే ఆడవాళ్ళ మీద కేకలేసేది.

నెల్లూరులో ఉండే మేనకోడలు ఫోన్ చేసింది. "మామా, నెలాఖరుకి కారు తీసుకోని కాలువ కాడికి వస్తా. ఎట్నో ఒకట్న అమ్మని అక్కడిదాకా చేర్చు. ఇక మా కాడే ఉంటది. ఆ యాపారం ఎవురికన్నా ఇచ్చేయమను."

"మీ అమ్మ రాదు పాపా," అన్నాను.

"రాకపోతే కాలు పోద్ది. అప్పుడు పక్కన కూర్చోని నువ్వు చూస్తావా?"

నాకు ఒళ్ళు మండింది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు కాబట్టి ఇంకా మండింది. ఎవరి పక్కనైనా కూర్చోవడం నా వల్ల కాదని ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

అక్కతో చెబితే, "దానింట్లో, ఆ మూడో అంతస్తులో కూర్చోని ఏం చూడాల? ఎదురింట్లో ఆరేసిన గుడ్డలా?" అంది. ఆ మాట తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె అలా తిరిగి పడుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. బయటికి వచ్చి జీపు చుట్టూ ఊరికే తిరిగాను. ఏదో ఒకటి విప్పాలనిపించింది, వెంటనే, ఆ నిమిషమే.

ఆలోచిస్తే తప్పంతా నా కాలిది మాత్రమే కాదు. ఈ జీపులో మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న లివరు ఉంది. దాన్ని లాగితే అన్ని గేర్లూ నెమ్మదిస్తాయి, బలం పెరుగుతుంది. లో గేరు అంటాం. కొన్న కొత్తల్లో అందులో జీపు బాగానే పాకేది. తర్వాత అందరూ వేశారని నేనూ ఎత్తు టైర్లు వేయించాను. ఇసుక మీద తేలుతాయని, చూడ్డానికి దర్జాగా ఉంటాయని. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. అంటే ఉన్న నెమ్మదిని ఆ టైర్లు మింగేశాయి. ఇసుకలో మెల్లగా పోనిస్తే ఇంజను ఆగిపోతుంది, క్లచ్చు కాలిన వాసన కొడుతుంది. అందుకే ఉరికించక తప్పేది కాదు.

కొత్త గేర్‌బాక్సు కొనే తాహతు నాకు లేదు. అయినా దీన్ని నెమ్మది చెయ్యాలి, నెలాఖరులోపు చెయ్యాలి. ఆ సంగతి అక్కకు చెబితే నమ్మలేదు. స్టీలు బిందె చూపించింది.

"దీన్నిండా నీళ్ళు పోసి, నేను కూర్చునే సీట్లో పెట్టుకోని ఇంటి కాడి నించి తారురోడ్డు దాకా తోలు. ఒలక్కుండా తెస్తే అప్పుడెక్కుతా."

మొదటిసారి ఖర్చు లేని పని చేశాను. టైర్లలో గాలి బాగా తగ్గించి వెళ్ళాను. జీపు కాస్త మెత్తబడిందేగాని ఉరికించక తప్పలేదు. బిందెలో అడుగున గుక్కెడు నీళ్ళు మిగిలాయి. అక్క ఆ నీళ్ళ వంక చూసి, "నేనూ ఇంతే మిగలతా," అంది.

రెండోసారి ఎత్తు టైర్లు పీకి, షెడ్డు వెనక పడున్న పాత చిన్న టైర్లు ఎక్కించాను. జీపు ఒక్కసారిగా పొట్టిదైపోయింది. దారిలో కనపడిన ప్రతివాడూ ఏమైందని అడిగాడు. ప్రతివాడికీ చెప్పే ఓపిక నాకు లేదు, చెయ్యి ఊపి పోయాను. తేడా మాత్రం బాగా తెలిసింది. ఇసుకలో చాలా దూరం కాలు ఎక్కువ నొక్కకుండానే పోగలిగాను. సముద్రం వైపున్న మెత్తటి ఇసుకలో మాత్రం మళ్ళీ ఇంజను మొరాయించింది. ఈసారి సగం బిందె తెచ్చాను. అక్క ఫోన్లో కూతురికి, "మీ మామ ఇప్పుడు నీళ్ళు మోస్తుండాడు," అని చెప్పడం విన్నాను.

ఇక మిగిలింది ఇరుసు మధ్య గుండులో ఉండే పళ్ళ చక్రాల జత. క్రౌన్, పీనియన్ అంటారు. నా జీపులో చిన్న చక్రం నాలుగుసార్లు తిరిగితే టైరు ఒకసారి తిరుగుతుంది. బరువులు మోసే రకం బండ్లలో ఐదుసార్లకు గానీ తిరగదు. ఆ జత పాత సామాన్లలో దొరికితే కొత్తదాని జోలికి పోనక్కరలేదు. నెల్లూరులో పాత ఇనప సామాన్ల కొట్లన్నీ నూనె చేతులతో తిరిగాను. ఒక్క జత దొరికింది. నాకు కావలసింది రెండు, ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి. వచ్చే వారం ఇంకో బండి విప్పుతామన్నాడు కొట్టువాడు. వారం. నెలాఖరు దగ్గరకొస్తుంటే వారమంటాడు.

ఆ సాయంత్రమే మా మెకానిక్ దగ్గర కూర్చున్నాను. కూర్చున్నానంటే నిలబడే ఉన్నాను. "ఒకటి వెనకాల ఏసేయ్. ముందుది తర్వాత చూద్దాం," అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "ముందు చక్రాలు ఒక లెక్కన తిరగతాయి, వెనకయ్యి ఇంకో లెక్కన తిరగతాయి అన్నా."

"ఇసకలో ఏది ఎంత తిరిగితే ఎవుడికి తెలస్తది?"

అతనూ మా తీరం మనిషే. ఇసుకలో చక్రాలు జారుతూనే ఉంటాయి కదా అని అతనికీ అనిపించింది. వేసేశాడు.

మరునాడు బిందె పెట్టుకుని బయల్దేరాను. ఇసుకలో అద్భుతంగా పోయింది. నీళ్ళ మీద చిన్న వణుకు తప్ప బిందె కదల్లేదు. నాలో నేనే ఈల వేసుకున్నాను. ముందు చక్రాలకు బలమిచ్చే ఫోర్ వీలు లివరు మా వైపు ఎవరూ మధ్యలో తియ్యరు. ఇంటి దగ్గర వేస్తే మళ్ళీ తారురోడ్డు ఎక్కాకే తీస్తారు, చప్టా మీద బురద ఉంటుందని. నేనూ తియ్యలేదు. ఆ రోజు చప్టా మీద బురద లేదు, ఎండి రాయి గట్టిగా ఉంది. ఇసుకలో జారినట్టు అక్కడ చక్రం జారదు కదా. ముందు చక్రాలు పోదామంటాయి, వెనకవి ఆగమంటాయి. జీపు మూలిగింది, వణికింది, ఒక్క గెంతు గెంతింది. కింద ఏదో ఫట్‌మని విరిగింది. బిందె ఎగిరి నా ఒళ్ళో పడింది.

ట్రాక్టరు పెట్టి లాక్కొచ్చారు. నడుముదాకా తడిసిన బట్టలతో, సొట్టపోయిన బిందెతో అక్క ముందు నిలబడ్డాను. ఆమె సొట్టను బొటనవేలితో తడిమింది.

"ఆ సీట్లో నేనుండుంటే?" అంది.

ఆ రాత్రి మంచం మీద పొర్లుతూనే ఉన్నాను. మేనకోడలికి ఫోన్ చేసి, తీసుకుపొమ్మని చెప్పేద్దామని రెండుమూడుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చేస్తే నా పని తీరిపోతుంది. అక్క మాత్రం ఆ మూడో అంతస్తులో గోడ వైపు తిరిగి పడుకుంటుంది.

తెల్లారాక చేసిన పని నా జీవితంలో నేను చేసినవాటిల్లో కష్టమైనది. ఆగాను. ఇరుసుకు పోయే రాడ్డు కీలులో విరిగిన క్రాస్ మార్పించి, జీపును షెడ్డులోనే నిలిపి, రెండో జత కోసం ఎదురుచూశాను. ఐసు మోయడానికి వేరేవాళ్ళ బండి పెట్టాను. రోజుకు పదిసార్లు కొట్టువాడికి ఫోన్ చేస్తుంటే చివరికి అతను ఎత్తడం మానేశాడు. పోయి అతని కొట్టు ముందే నిలబడ్డాను. ఆఖరికి దొరికింది. ఇంటికి తెచ్చి రెండు చక్రాల పళ్ళూ వేలు పెట్టి నేనే లెక్కపెట్టాను, మెకానిక్ లెక్కపెట్టాడు, మళ్ళీ నేను లెక్కపెట్టాను. సరిపోయాయి. ముందు ఇరుసులో బిగించాం.

ఈసారి బిందె నిండా వెళ్ళింది, అంచు కింద రెండు వేళ్ళ వెలితితో తిరిగొచ్చింది. అక్క లోపలికి తొంగిచూసి, నీళ్ళు ములగచెట్టుకు పోయించింది. "సరే," అంది. అంతే.

నెలాఖరుకు ఇంకా రెండు రోజులుంది. మరునాడే, నెల్లూరులో వ్యాయామం చేయించడానికి, ముందు సీట్లో దిండ్లు పేర్చి, కర్రతో సహా ఆమెను కూర్చోబెట్టాను. లో గేరులో పెట్టి క్లచ్చు వదిలాను. యాక్సిలరేటరు తొక్కే పనే లేదు, ఇంజను తనంతట తనే లాక్కుపోతోంది. మనిషి నడక కన్నా ఏమంత ఎక్కువ కాదు. వెనక నుంచి వచ్చిన సైకిలువాడు మమ్మల్ని దాటిపోయాడు. మేకలు కూడా దారి ఇవ్వలేదు. నా కుడికాలు జిలపెట్టింది. స్టీరింగు మీద వేళ్ళు వాటంతటవే తాళం వేస్తున్నాయి. అక్క సీటు కమ్మీ పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుంది. పెదవి కొరుకుతోందేమోనని మాటిమాటికీ చూశాను. కొరకడం లేదు.

సరుగుడు తోపు దాటాక చప్టాదాకా నేల గట్టిగా ఉంటుంది. అక్కడ, "ఆపు," అంది.

బ్రేకు తొక్కాను. "నొప్పా?"

"దిగతా. డాక్టరు నడవమని చెప్పినాడు గదా. పాళెంలో నడిస్తే అందరూ గుమ్మాల్లోకి వచ్చి చూస్తారు. పడితే నవ్వేదానికి కొందరు, అయ్యో అనేదానికి కొందరు. ఈడెవురూ లేరు. ఈ కమ్మీ పట్టుకోని నడస్తా. నువ్వు పోనిస్తా ఉండు."

ఇన్నాళ్ళూ ఆమెకు కుదుపంటేనే భయమనుకున్నాను. పడతానని భయపడుతోందని నాకు తోచనే లేదు. దించాను. ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో జీపు కమ్మీ. ఎక్కి మళ్ళీ క్లచ్చు వదిలాను. బ్రేకు మీద పాదం ఆనించి, ఆమె వైపు చూడడానికి ధైర్యం చాలక దారి వైపే చూశాను. కర్ర నేలకు తగిలే చప్పుడు, ఆమె ఊపిరి, కింద ఇంజను. కమ్మీ మీద ఆమె చెయ్యి కొంచెం కొంచెం వెనక్కి జరుగుతోంది.

"ఇంకా మెల్లిగా పోనీ అబ్బయా."

"ఇంతకంటే మెల్లిగా దీనికి రాదక్కా. ఇదే ఆఖరు."

ఆమె ఇంకో నాలుగడుగులు వేసింది.

"అయితే నేనే బిరబిరా నడవాల," అంది. చేతికర్ర జీపులోకి విసిరేసి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, అడుగు పెద్దది చేసింది.