బిళ్ళ యాడ మిస్?

ముందే చెప్తున్నా, నవ్వకూడదు. నవ్వితే టీ సగంలో వదిలేసి లేచిపోతాను. ఊరంతా ఇప్పటికే నవ్వేసింది, ఇంగ మీరే మిగిలారు.

మా ఇంట్లో 'బిళ్ళ' అనే మాట ఎవరూ పలకకూడదని సోమవారం ఒక ఆర్డర్ వేశాను. రూపాయి బిళ్ళ అనకూడదు, కర్పూరం బిళ్ళ అనకూడదు, ఏ బిళ్ళా అనకూడదు! ఆ ఆర్డర్ నిన్న సాయంత్రం రద్దయింది. రద్దు చేసింది కూడా నేనే, సిగ్గు లేకుండా.

కథ మా ప్రిస్సిల్లాతో మొదలు. నా దగ్గర హైస్కూల్లో కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల, మా చర్చి పిల్ల. చదువైపోయాక మన కేజీఎఫ్ పిల్లలందరిలాగే తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోవడం, చీకటిపడ్డాక వేలాడుతూ తిరిగి రావడం. ఒకరోజు ఆ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని, సొంతంగా ఒక ఫోన్ గేమ్ తయారుచేసింది. పేరు 'రెండో షిఫ్టు'. మన మైనే! మూతపడ్డ బంగారు మైను ఆ పిల్ల గేములో మళ్ళీ నడుస్తోంది. కేజులో, అదే, మనుషుల్ని కిందికి దించే ఇనప లిఫ్టులో లోపలికి దిగాలి. సొరంగాల్లో చిక్కుకున్న తోటివాళ్ళను వెతికి పట్టుకోవాలి. షిఫ్టు అయిపోయాక మళ్ళీ కేజెక్కి పైకి రావాలి. వాళ్ళమ్మ మాత్రం గట్టిగా చెప్పేసింది, క్రిస్మస్ లోపల ఈ గేమును మనుషులు కొంటే సరి, లేదంటే మళ్ళీ రైలే అని.

నాకు ఎంత గర్వమంటే, స్టాఫ్ రూమ్‌లో ఎవరు నోరు తెరిచినా దాంట్లో ప్రిస్సి పేరు దూర్చేదాన్ని. గేము ధర కూడా ఒక ప్లేటు బిర్యానీని మించదు. కొందామని ఫోన్ తీశాను. మా ఆయన డేవిడ్ పక్కనుంచి తొంగి చూశాడు.

"సుమ్నే దుడ్డు పోసి కొనేదెందుకే? రీఛార్జి అంగడాయన నా ఫోన్లో ఫ్రీగా ఏసిచ్చినాడు. నీకు పంపిస్తా ఉండు."

"డేవిడ్, అది పైరసీ!"

అనాలి కదా మరి! తొమ్మిదో తరగతికి ఆ పాఠం చెప్పేది నేనే. కాపీరైటు, పైరసీ, ఇంటర్నెట్లో దొరికిందల్లా మనది కాదు, అని ఒక చార్టు గీయించి కంప్యూటర్ ల్యాబ్ గోడకు అంటించాను కూడా. ఆ చార్టులో దొంగకు నల్ల కళ్ళజోడు ఉంటుంది.

"ఎవురిదో అయితే పైరసీ. ప్రిస్సి మన పిల్ల కదా? మన పిల్ల గేముకి మనం దుడ్డిస్తే పరాయోళ్ళ మాదిరి ఉండదా?" అన్నాడు.

ఏం లాజిక్కు! నిజం చెప్తున్నా, నాకు భలే నచ్చింది. పక్కింటి చెట్టు కరివేపాకు తుంచుకునేటప్పుడు అడుగుతామా? అడిగితే వాళ్ళే నొచ్చుకుంటారు. అంతే, ఫైలు నా ఫోన్లోకి దిగిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. పిల్లకు ప్రచారం కావాలి కదా అని, అదే ఫైలును స్కూలు స్టాఫ్ గ్రూపులో వేశాను. చర్చి క్వైర్ గ్రూపులో వేశాను. మా లైన్ ఇళ్ళ గ్రూపులో వేశాను. క్యాసంబళ్ళిలో మా వదినకు, బూదికోటలో మా పిన్నికి విడివిడిగా పంపాను. కింద ఒక మెసేజ్ కూడా: 'మన ప్రిస్సి చేసిన గేమ్! అందరూ ఆడండి, పిల్లను దీవించండి!' చేతులు జోడించిన బొమ్మలు వరసగా పెట్టాను. పిల్ల గొంతు కోస్తూ దీవెనలు అడిగిన మహాతల్లిని నేనే!

గేము అద్భుతం. వంట పొయ్యి మీద పెట్టి మర్చిపోయేంత అద్భుతం. చిక్కుకున్నవాళ్ళను అందర్నీ కాపాడి, చెమటలు కారుస్తూ కేజు దగ్గరికి వచ్చాను. గంట కొట్టాను. కేజు కదల్లేదు. పైనుంచి బావిలోంచి వచ్చినట్టు గింగురుమంటూ ఒక ముసలాయన గొంతు వినిపించింది.

"బిళ్ళ యాడప్పా?"

ఏ బిళ్ళ? మళ్ళీ గంట కొట్టాను. "బిళ్ళ యాడప్పా?" ఫోన్ ఆపి మళ్ళీ మొదట్నుంచి ఆడాను. మళ్ళీ అదే. రోజూ సాయంత్రం మా హాల్లో అదే పాట. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను కానీ, కోపంలో ఆలోచన సాగితేనా!

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. మైన్ మూతపడేదాకా టైమాఫీసులో, అంటే షిఫ్టు హాజరు చూసే చోట, ఉద్యోగం. ఇప్పుడు మాతోనే ఉంటాడు. నేను ఫోన్తో కుస్తీ పడుతుంటే, పక్క గదిలో మంచం మీద నుంచి పిలిచాడు.

"అమ్మాయ్, బిళ్ళ యాడమ్మా?"

పాపం, బీపీ బిళ్ళ అడుగుతున్నాడని నీళ్ళ గ్లాసుతో సహా తీసుకెళ్ళాను.

"నాది మింగినాను. నీ బిళ్ళ యాడ?"

"నాకు బీపీ లేదు నాయనా."

"వస్తాదిలే" అన్నాడు.

మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. నేను ఫోన్ పట్టుకోవడం ఆలస్యం, "నీ బిళ్ళ యాడమ్మా?" డేవిడ్‌ను వంటింట్లోకి పిలిచి గుసగుసగా చెప్పాను, "నాయనకు మతి తప్పుతా ఉండాదేమో."

"నేనూ చెప్పాలనుకుంటిని. నెల కింద దినామూ సాయంత్రం యాడికో పోయొస్తా ఉండె. యాడికి మామా అంటే డ్యూటీకి అనె. మైన్ మూసేసి ఎంత కాలమాయ, ఈయనకి డ్యూటీ యాడిది?" అన్నాడు డేవిడ్.

ఇద్దరం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామని తీర్మానించాం కూడా. మతి తప్పింది ఎవరికో అప్పటికి ఇంకా తెలీదు.

ఆదివారం వచ్చింది. ఆరాధన అయిపోయాక చర్చి హాల్లో ప్రిస్సికి సన్మానం. పాస్టరు అయ్యగారు శాలువా కప్పారు, ప్రార్థన చేశారు. "ఇంత పిల్లను తయారుచేసిన టీచరమ్మ కూడా రెండు మాటలు చెప్పాల" అని నా చేతికి మైకు ఇచ్చారు.

దొంగకు తేలు కుడితే కిక్కురుమనకుండా ఉంటాడని సామెత. నేను మైకు పట్టుకుని అరిచాను.

"గేము చాలా బాగుంది పాపా. కానీ టీచర్‌ని కదా, తప్పు కనబడితే చెప్పకుండా ఉండలేను. చివర్లో కేజు పైకి రావడం లేదు. ఎవరో ముసలాయన ఊరికే బిళ్ళ బిళ్ళ అని ప్రాణం తీస్తున్నాడు. అది సరిచెయ్యి."

వెనకనుంచి క్వైర్ వాళ్ళు అందుకున్నారు. "అవును ప్రిస్సీ, నాకూ అదే!" "మా ఇంట్లో అందరికీ అంతే!" హాల్లో సగం చేతులు లేచాయి. చూశారా, నా ఒక్కదానికే కాదు అని నేను విజయగర్వంతో ప్రిస్సి వైపు తిరిగాను.

ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు. లేచిన చేతులన్నిటినీ నోరు తెరుచుకుని చూస్తోంది.

ముందు వరసలో కూర్చున్న మా నాయన కర్ర పట్టుకుని లేచాడు.

"ఆ ముసలాయన నేనే తల్లీ. దినామూ సాయంత్రం ఈ పాపింటికి పోయి చెప్పొచ్చినాను ఆ మాట. దుడ్డిచ్చి కొన్నోళ్ళకి బిళ్ళ వస్తాది, వాళ్ళతో నేను మాట్లాడను. కాపీ కొట్టినోళ్ళనే అడగతాను. మైన్లో అంతే కదా? టైమాఫీసులో నంబరు బిళ్ళ తీసుకుని దిగితే, షిఫ్టు అయినాక ఆ బిళ్ళ తిరిగి రాకుంటే మనిషి కింద ఉండాడని తెలస్తాది, పోయి ఎతకతారు. బిళ్ళ లేకుండా దిగినోడు దిగినట్టే ఎవురికీ తెలీదు."

లేచిన చేతులు ఒక్కొక్కటే జుట్టు సర్దుకుంటూ, చెవి గోక్కుంటూ కిందికి దిగాయి. నాకు ఆ నేల అక్కడే చీలితే బాగుండు అనిపించింది. కేజీఎఫ్‌లో నేల కుంగడం ఎప్పుడూ ఉన్నదే, కావలసినప్పుడు మాత్రం కుంగదు.

"ఫైలు మిస్సే కదా పంపింది!" అని ఎవరో గొణిగారు.

ప్రిస్సి మెల్లగా అంది, "మన ఊరినుంచి ఒక్క బిళ్ళ కూడా పోలేదు మిస్. నేను దినామూ చూస్తా ఉంటిని. మనోళ్ళే ఎవురూ దిగలేదనుకుంటిని. నిన్న పోయి రైలు పాస్ తీసుకునేస్తిని."

తిట్టినా బాగుండేది. ఇంతమంది ఆడారు, ఇంతమందికి నచ్చింది, ఆ పిల్లకు మాత్రం ఒక్కరూ కనబడలేదు. కనబడకుండా చేసింది నేను, చేతులు జోడించిన బొమ్మలు పెట్టి మరీ. మైకు అయ్యగారి చేతిలో పెట్టేసి, ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి, "తప్పయిపోయింది పాపా" అన్నాను.

"ఆ పాఠం మాకు చెప్పింది మీరే కదా మిస్. చార్టులో కళ్ళజోడు దొంగని గీసింది నేనే" అంది.

అక్కడే కొన్నాను. డేవిడ్ చేతా కొనిపించాను. ఇంటికొచ్చి అన్ని గ్రూపుల్లో క్షమాపణ రాశాను, ఫైలు తీసేసి కొనుక్కోండని బతిమాలాను. కొందరు కొన్నారు. కొందరు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు. బూదికోట పిన్ని మాత్రం 'ఆ ఫైలు ఇంకోసారి పంపించమ్మా' అంది! ప్రిస్సి క్రిస్మస్ దాకా చూస్తానంది. పాస్ మాత్రం పర్సులోనే ఉంది.

సోమవారం క్లాసులోకి అడుగు పెట్టానో లేదో, వెనక బెంచీ నుంచి "బిళ్ళ యాడ మిస్?" సంతలో టమాటాలామె కూడా అదే. ఇంట్లో అన్నానికి రమ్మంటే డేవిడ్ నోట కూడా అదే. అందుకే ఆ ఆర్డర్.

నిన్న సాయంత్రం నాయన పక్కన కూర్చుని గేము మొదట్నుంచి ఆడాను. గంట కొట్టాను. ఎవరూ అడగలేదు. కేజు మెల్లగా పైకి వచ్చింది, తెర నిండా వెలుతురు. నాకు ఏడుపొచ్చేసింది.

"చూసినావా నాయనా, నా బిళ్ళ!"

"బాగుండాది. ఇంగ నాది యాడ?"

"నీది కూడా గేములో ఉందా?"

"బీపీదమ్మా. సోమవారమే అయిపోయె. ఆ మాట ఇంట్లో అనగూడదని ఆర్డర్ వేస్తివి కదా, ఎట్ల అడిగేది?"

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా మెడికల్ షాపుకు పరుగెత్తాను. కౌంటర్లో ఎవరనుకున్నారు? మా క్వైర్‌లో పాడే శామ్యూల్. నా ఫైలు అందుకున్నవాడే. అంగడి నిండా జనం. నేను గొంతు తగ్గించి, "బీపీ... బిళ్ళ ఉండాదా?" అన్నాను.

"అయ్యో మిస్, ఆ మాట మేము కదా మిమ్మల్ని అడగాల్సింది!"

నాయన 'వస్తాదిలే' అన్న బీపీ నాకు సరిగ్గా అప్పుడే వచ్చింది.