చైర్మన్‌గారి ఆఖరి సంతకం

మా పట్టణానికి ఆయన ఇరవై ఏడేళ్లు చైర్మన్. ఏడు వీధులకూ కుళాయిలు వేయించింది ఆయనే, మురుగుకాలువల మీద పలకలు పరిపించింది ఆయనే, ఆసుపత్రికి రెండో అంతస్తు లేపిందీ ఆయనే. పొద్దున్నే వీధి చివరి కుళాయి కింద అరచెయ్యి పట్టి నీటి జోరు చూసేవారు. ఆ తడిచేతులతోనే జనానికి దణ్ణం పెట్టేవారు. చేసినదంతా తీర్మానాల పుస్తకంలోకి ఎక్కితే చాలనేవారు. ఈసారి ఎన్నికల్లో ఓడిపోయారు. గెలిచిన టీచరమ్మ తొలి సమావేశానికి పిలిస్తే వెళ్లి పక్క కుర్చీలో కూర్చున్నారు. గుమాస్తా అలవాటు కొద్దీ పుస్తకం ఆయన ముందే పెట్టాడు. ఆయనా అలవాటు కొద్దీ చదవకుండా సంతకం చేసేశారు.

"అయ్యో బాబాయ్‌గారూ, అది మిమ్మల్ని సాగనంపే తీర్మానం! మీకు మీరే పెట్టేసుకున్నారు" అంది టీచరమ్మ. అందరూ గొల్లున నవ్వారు. ఆయన పెన్ను మూత పెట్టడం కూడా మరిచి చూస్తుండిపోయారు.

"ఏం రాశావురా?" అని గుమాస్తాను అడిగారు.

"ఒక్క ముక్కే సార్. సేవలకు ధన్యవాదాలని."

"కుళాయిల మాట?"

"చోటు చాల్లేదు సార్."

"పోన్లెండి, ఆ సంతకం అలాగే ఉండనివ్వండి" అంది టీచరమ్మ.

"ఉండకూడదమ్మా. చెల్లదు."

స్కేలు అడిగి తీసుకుని, తన పేరు మీద వంకర పోకుండా గీత కొట్టి, పుస్తకం ఆమె వైపు తిప్పి పెట్టారు.